టాప్ తెరిచి నడిపే ఇటాలియన్ సూపర్‌కార్: ఎంచుకోవడం, కొనడం, నడపడం, కాపాడుకోవడం

1947లో ఇటలీలోని మరనెల్లో ఫ్యాక్టరీ గేటు దాటిన మొట్టమొదటి ఫెరారీ, 125 ఎస్, పైకప్పు లేని బండి. అంటే ఈ వంశం మొదలైందే నెత్తిన ఆకాశంతో. అయినా ఇవాళ ఓపెన్ సూపర్‌కార్ కొనాలనుకునేవాళ్లు ముందుగా చూసేది హార్స్‌పవర్ అంకె. నా లెక్కలో అది చివర చూడాల్సింది. గత ఇరవయ్యేళ్లలో వచ్చిన ఏ ఇటాలియన్ స్పైడర్ (టాప్ తెరుచుకునే బండి) తీసుకున్నా మామూలు రోడ్డు మీద దాని బలంలో సగం కూడా వాడలేం. 500 ఉన్నా 800 ఉన్నా ఊరి పొలిమేర దాటేసరికి తేడా తెలియదు. రోజూ తెలిసేవి వేరే ఉన్నాయి: టాప్ ఎలా తెరుచుకుంటుంది, తెరిచాక ఇంజన్ ఎలా వినిపిస్తుంది, గేర్లు చేతికి ఎలా తగులుతాయి. ఈ మార్గదర్శి అంతా ఆ వరసలోనే సాగుతుంది.

మొదటి అడుగు: టాప్ రకం తేల్చుకోండి

మోడల్ కంటే ముందు టాప్. ఫెరారీ 355, 360, ఎఫ్430 స్పైడర్లకూ, లంబోర్గిని గల్లార్డో, హురాకాన్ స్పైడర్లకూ గుడ్డ టాప్ ఉంటుంది. హురాకాన్‌ది 17 సెకన్లలో ముడుచుకుంటుంది, 50 కి.మీ. వేగం లోపు నడుస్తూనే తెరవొచ్చు. 2011లో వచ్చిన 458 స్పైడర్‌తో ఫెరారీ దారి మార్చింది. ఇంజన్ మధ్యలో ఉన్న బండికి మడిచే అల్యూమినియం టాప్ పెట్టింది. అది 14 సెకన్లలో తెరుచుకుంటుంది, అదే కొలత గుడ్డ టాప్ కంటే 25 కిలోలు తేలికని కంపెనీ చెప్పింది. 488, ఎఫ్8, 296 జీటీఎస్ అన్నీ ఆ బాటలోనే వచ్చాయి. మసెరాటి ఎంసీ20 చేలోది గాజు టాప్. బటన్ నొక్కితే ఆ గాజు పారదర్శకం నుంచి మసకకు మారుతుంది, 12 సెకన్లలో టాప్ తెరుచుకుంటుంది.

ఇక చేత్తో తీసే రకం. లంబోర్గిని అవెంటడోర్ రోడ్‌స్టర్‌లో రెండు కార్బన్ ఫైబర్ పలకలు విప్పి ముందు డిక్కీలో పెట్టుకోవాలి. పెట్టాక ఆ డిక్కీలో ఇంకేం పట్టదు. అంతకు ముందరి మర్సియెలాగో రోడ్‌స్టర్‌లో టాప్ వేసి 160 కి.మీ. దాటొద్దని కంపెనీయే హెచ్చరించింది. వాన పడ్డాక ఆ టాప్ బిగించడానికి పట్టే సమయంలో సీట్లు తడిసిపోతాయి. చూడ్డానికి అద్భుతమైన బండే, కానీ మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పను.

గుడ్డా, గట్టి టాపా అంటే, దూరాలు తిరిగేవాళ్లకు, వానకు చిక్కే అవకాశం ఉన్నవాళ్లకు గట్టిదే. టాప్ వేస్తే కూపే (టాప్ తెరుచుకోని రకం) లాగే నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ దీనికో ఖరీదు ఉంది. 360, ఎఫ్430 స్పైడర్లలో వెనక గాజు కింద ఇంజన్ నగలా మెరుస్తూ కనబడుతుంది. 458 స్పైడర్‌లో అది మూత కింద దాక్కుంది. 296 జీటీఎస్‌లో చిన్న గాజు కిటికీ పెట్టి మళ్లీ చూపించారు. ఆగిన ప్రతి చోటా ఇంజన్ చూసుకుని మురిసిపోయే రకం మీరైతే ఇది చిన్న విషయం కాదు.

బరువు గురించి భయపడకండి. 458 స్పైడర్ కూపే కంటే 50 కిలోలు, హురాకాన్ స్పైడర్ 120 కిలోలు ఎక్కువ. ట్రాక్ మీద గడియారం పట్టుకుంటే తప్ప ఆ తేడా ఎవరికీ అందదు.

రెండో అడుగు: ఏ కాలపు బండి?

లోహపు గేటులో టక్ టక్‌మని కదిలే మాన్యువల్ గేర్ కావాలంటే 355, 360, ఎఫ్430, గల్లార్డో, మర్సియెలాగో వరకే వెతకాలి. 458, హురాకాన్ నుంచి మాన్యువల్ ఇవ్వడమే మానేశారు. ఆ పాత బండ్లలోనే ఎఫ్1, ఈ-గేర్ పేర్లతో సింగిల్ క్లచ్ ఆటోమేటిక్ ఉంది. లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మాత్రం హైడ్రాలిక్స్ చేస్తాయి. దాన్ని అర్థం చేసుకుని నడిపితే సరదాగానే ఉంటుంది. మామూలు ఆటోమేటిక్ అనుకుని ట్రాఫిక్‌లో పాకిస్తే క్లచ్ కాలిపోతుంది. ఎత్తు మీద రివర్స్ చేయడం దాన్ని అన్నిటికంటే త్వరగా తినేస్తుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టండి. 458తో వచ్చిన ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్‌కు ఈ బాధ లేదు.

ఇంజన్ల విషయంలో పెద్ద గీత టర్బో. 458లోని 4.5 లీటర్ల వి8 టర్బో లేకుండా 9000 ఆర్‌పీఎమ్ దగ్గర 570 హార్స్‌పవర్ ఇస్తుంది. 2015లో వచ్చిన 488 స్పైడర్ 3.9 లీటర్ల ట్విన్ టర్బోతో ఆ అంకెను 670కి తీసుకెళ్లింది. వేగం పెరిగింది, గొంతు తగ్గింది. టాప్ తెరిచి నడపడానికే కొంటున్నప్పుడు నేను గొంతు వైపే మొగ్గుతాను. హురాకాన్ 5.2 లీటర్ల వి10 చివరిదాకా టర్బో జోలికి పోలేదు.

సర్వీసు ఖర్చు వైపు నుంచి చూస్తే ఇంకో గీత కనబడుతుంది. 355లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దింపాలి. 360లో సీట్ల వెనక నుంచి చెయ్యి పెట్టి మార్చొచ్చు. ఎఫ్430 నుంచి బెల్ట్ స్థానంలో చైన్ వచ్చింది, ఆ ఖర్చే పోయింది. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా 458 స్పైడర్, లేదా హురాకాన్. 355 అందగత్తే, కాదనను. కానీ దాన్ని పోషించడానికి డబ్బుతో పాటు ఓపిక, తెలిసిన మెకానిక్కు కూడా కావాలి.

మూడో అడుగు: కొనే ముందు పరీక్ష

ఇక్కడ తొందర పడితే తర్వాత ఏళ్లపాటు కడుతూనే ఉంటారు. అమ్మేవాళ్లతో సంబంధం లేని, ఆ బ్రాండు మీద చెయ్యి తిరిగిన మెకానిక్కును పెట్టుకోండి. అయినా మీరు కూడా పక్కన నిలబడి చూడాల్సినవి ఉన్నాయి.

టాప్‌తో మొదలుపెట్టండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపొచ్చాక ఇంకోసారి పూర్తిగా తెరిచి మూయించండి. మధ్యలో తడబడినా, ఒక వైపు ముందు ఒక వైపు వెనక కదిలినా, మోటారు మూలిగినా కారణం తేలేదాకా బేరం మాట్లాడొద్దు. 355 స్పైడర్‌లో టాప్ ముడుచుకునేటప్పుడు సీట్లు వాటంతట అవే ముందుకు జరుగుతాయి. సీటు ఎక్కడుందో చెప్పే సెన్సర్లు పాడైతే టాప్ దారిలోనే ఆగిపోతుంది. ఇది ఆ మోడల్‌కు పేరుమోసిన జబ్బు. ఏ బండైనా సరే సీట్ల వెనక కార్పెట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. తడి తగిలితే సీల్ పోయింది, లేదా నీరు పోయే దారులు మూసుకుపోయాయి. జిడ్డు తగిలితే హైడ్రాలిక్ ఆయిల్ కారుతోంది.

తర్వాత క్యాబిన్. 355, 360, ఎఫ్430 కాలపు ఫెరారీల బటన్ల మీద మెత్తటి పూత ఏళ్లు గడిచేకొద్దీ కరిగి వేళ్లకు అంటుకుంటుంది. బండి ఆగిపోయే సమస్య కాదు, కానీ అన్నీ విప్పి కొత్త పూత వేయించాలి, బేరానికి పనికొస్తుంది. ఎండ తిన్న బండ్లలో డ్యాష్‌బోర్డు తోలు కుంచించుకుపోయి ముందు అద్దం దగ్గర పైకి లేస్తుంది. ఓపెన్ కార్లలో ఇది ఇంకా ఎక్కువ.

యంత్రం వైపు వస్తే, సింగిల్ క్లచ్ బండైతే క్లచ్ ఎంత శాతం అరిగిందో స్కానర్‌తో చదివించండి. నోటి మాట నమ్మొద్దు. 355, ఎఫ్430లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే మొదటి గొట్టాలు) పగుళ్లు మామూలు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని శబ్దం వచ్చి వేడెక్కాక తగ్గితే అనుమానించండి. కార్బన్ సెరామిక్ బ్రేకులుంటే డిస్కుల అంచులు చెక్కుకుపోయాయేమో టార్చి వేసి చూడండి. అవి బండి జీవితమంతా ఉంటాయని చెబుతారు. మార్చాల్సి వచ్చినవాళ్లు ఆ బిల్లు మాత్రం మరిచిపోరు.

టైర్ల పక్కన నాలుగంకెల తారీఖు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి నిండుగా ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరు గట్టిపడిపోతుంది, ఇంత బలమున్న బండికి అది ప్రమాదం. రీపెయింట్ కొలిచే మీటర్ తెస్తే అల్యూమినియం మీద పనిచేసేదే తెమ్మనండి. ఇనుప రేకు కోసం చేసిన మీటర్ అల్యూమినియం రేకు మీద ఏమీ చెప్పదు. ముందు బంపర్ కింద, అడుగు పలకల మీద గీతలుండడం సహజం. విరిగి అతికినవి ఉంటే మాత్రం ఆలోచించండి.

చివరగా సర్వీసు పుస్తకం. ఈ బండ్లకు కిలోమీటర్లతో పనిలేకుండా ఏటా సర్వీసు పడాలి. ఫెరారీ కొత్త బండ్లతో ఇచ్చే ఏడేళ్ల మెయింటెనెన్స్ పథకం కూడా 20,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది అనే లెక్క మీదే నడుస్తుంది. పదేళ్లలో మూడు వేల కిలోమీటర్లు తిరిగిన బండిని చూసి మురిసిపోకండి. సీల్స్ ఎండిపోయి, పెట్రోల్ పాతబడి, బ్యాటరీ పదిసార్లు చచ్చి బతికిన బండి కావచ్చు అది. ఏటా కాస్త తిరిగి, ఏటా సర్వీసు పడిన బండి కిలోమీటర్లు ఎక్కువైనా మేలు.

నాలుగో అడుగు: ఇన్సూరెన్స్

మూడే విషయాలు. బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునే పాలసీ తీసుకోండి. లేకపోతే నష్టం జరిగాక మార్కెట్ విలువ ఎంతన్న దగ్గర వాదన మొదలవుతుంది. ట్రాక్ మీద నడిపితే చెల్లదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, అది చదివాకే సంతకం పెట్టండి. దారిలో ఆగిపోతే బండిని మొత్తంగా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వస్తుందో లేదో కూడా కనుక్కోండి. చక్రాలెత్తి లాక్కెళ్లనివ్వొద్దు.

ఐదో అడుగు: ఇంటికి తెచ్చిన మొదటి వారం

రోడ్డెక్కే ముందు యజమాని మాన్యువల్ ముందేసుకుని కూర్చోండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే చాలా మోడళ్లలో డిక్కీ బటన్ పనిచేయదు. బ్యాటరీ చూస్తే ఆ డిక్కీ కిందే ఉంటుంది. అందుకే చేత్తో లాగి తెరిచే తీగ ఎక్కడుందో ఇప్పుడే చూసి ఒకసారి లాగి పెట్టుకోండి. చీకట్లో, వానలో వెతుక్కునే పని కాదది. ఛార్జర్ తగిలించే అలవాటు మొదటి రాత్రి నుంచే చేసుకోండి. బండి ఊరికే ఉన్నా అలారం, కంప్యూటర్లు బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. ఓల్టేజీ పడిపోతే టాప్ మొండికేస్తుంది, సంబంధం లేని హెచ్చరిక దీపాలన్నీ వెలుగుతాయి. సగం 'ఎలక్ట్రికల్ సమస్యలు' నిజానికి నీరసపడ్డ బ్యాటరీలే.

రాళ్ల దెబ్బలు పడకముందే ముందు భాగానికి, సైడ్ సిల్స్‌కు, వెనక చక్రాల ముందు భాగానికి పీపీఎఫ్ (పెయింటును కాపాడే పారదర్శకమైన పొర) వేయించండి. ముక్కు పైకి లేపే లిఫ్ట్ ఉంటే స్పీడ్ బ్రేకర్‌కు చాలా ముందే నొక్కండి, అది లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. లిఫ్ట్ లేని బండైతే ర్యాంపు మీదికి నిటారుగా కాకుండా ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా వెళ్లండి.

ఆరో అడుగు: నడపడం

స్టార్ట్ చేశాక ఆగి వేడెక్కించొద్దు. నిమిషం లోపు కదిలి, ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లు మామూలు స్థాయికి వచ్చేదాకా నాలుగు వేల ఆర్‌పీఎమ్ లోపు నెమ్మదిగా నడపండి. నీటి ముల్లు ముందే పైకి వస్తుంది, దాన్ని చూసి మోసపోకండి. ఆయిల్, గేర్‌బాక్సు ఇంకా చల్లగానే ఉంటాయి. 296 జీటీఎస్‌ది హైబ్రిడ్ సౌకర్యం. సుమారు 25 కి.మీ. దాకా కరెంటు మీదే వెళ్లగలదు, తెల్లవారుజామున ఇరుగుపొరుగును లేపకుండా వీధి దాటొచ్చు. పెట్రోల్ ఇంజన్ స్టార్ట్ అయ్యాక మాత్రం దాన్ని వేడెక్కనిచ్చే నియమం దానికీ వర్తిస్తుంది.

టాప్ తెరిచిన బండి రుచి 60, 90 కి.మీ. మధ్యలో ఉంది. ఆ వేగంలో చెట్ల వాసన తెలుస్తుంది, పక్క గోడ నుంచి తిరిగొచ్చే ఎగ్జాస్ట్ మోత వినబడుతుంది, పక్కన కూర్చున్నవాళ్లతో అరవకుండా మాట్లాడొచ్చు. 120 దాటితే గాలి హోరు తప్ప ఏమీ మిగలదు. ఈ బండ్లకు రెండో గేరే వందకు పైగా లాగుతుంది. అందుకే పై గేర్లకు పరుగెత్తకుండా రెండు, మూడు గేర్లలో ఇంజన్‌ను నాలుగు నుంచి ఆరు వేల మధ్య ఆడించండి. వేగం పెరగకుండానే శబ్దమంతా దొరుకుతుంది. ఆటోమేటిక్ మోడ్‌లో వదిలేస్తే కంప్యూటర్ పెట్రోల్ మిగల్చడానికి ఎప్పుడూ పై గేరుకే పోతుంది. ప్యాడిల్స్ వాడండి.

గాలి సర్దుకోవడం ఒక విద్య. వెనక గాజు సగం పైకి ఉంటే మెడ మీద కొట్టే సుడిగాలి ఆగుతుంది. 458 స్పైడర్ నుంచి ఆ గాజును ఇదే పనికి కదిలేలా చేశారు. పక్క అద్దాలు ఎత్తి, కాళ్ల వైపు హీటర్ పెడితే చలి ఉదయాల్లో కూడా హాయిగా ఉంటుంది. టోపీ బిగుతుగా ఉండాలి. సన్‌స్క్రీన్ రాసుకోండి. చల్లగాలి తగులుతుంటే చర్మం కాలుతున్నట్టు తెలియదు. మధ్యాహ్నం ఎండలో టాప్ తెరవడం చూసేవాళ్లకు బాగుంటుంది, కూర్చున్నవాళ్లకు కాదు.

వాన వచ్చిన రోజునూ వదులుకోవద్దు. టాప్ మూసి వెనక గాజు మాత్రం దించండి. తడవకుండా ఇంజన్ మోత నేరుగా తలకాయ వెనక నుంచి వస్తుంది. కూపే ఉన్నవాళ్లకు లేని భాగ్యమిది. ఫెరారీ అయితే స్టీరింగ్ మీద డ్రైవింగ్ మోడ్ మార్చే మానెటినో స్విచ్ ఆ రోజు వెట్ మీద ఉండాలి. గతుకుల రోడ్డు మీద రేస్ మోడ్ పెట్టి నడుం విరగ్గొట్టుకునేవాళ్లున్నారు. 458 నుంచి సస్పెన్షన్‌ను మాత్రం మెత్తబరిచే బటన్ స్టీరింగ్ మీదే ఉంది. ఇంజన్ చురుగ్గా, సస్పెన్షన్ మెత్తగా: ఓపెన్ బండికి ఇంతకంటే మంచి జోడీ లేదు.

ఏడో అడుగు: టాప్ సంరక్షణ

సమతలం మీద, ఇంజన్ నడుస్తుండగా తెరవండి, మూయండి. ఒక చక్రం గట్టు మీద ఉంటే బాడీ కొద్దిగా మెలిపడి గొళ్లాలు కుదరకపోవచ్చు. మొదలుపెట్టాక బటన్ మధ్యలో వదలొద్దు. పైన కొమ్మలు, తక్కువ ఎత్తు గ్యారేజీ కప్పు ఉన్నాయేమో చూసుకోండి. ముడుచుకునే టాప్ దారి మధ్యలో మామూలు ఎత్తు కంటే బాగా పైకి లేస్తుంది.

గుడ్డ టాప్‌ను తడిగా మడిస్తే బూజు పడుతుంది, మడతల దగ్గర మచ్చలు నిలిచిపోతాయి. ఆరాకే మడవాలి. ప్రెషర్ వాషర్‌ను సీల్స్ వైపు తిప్పొద్దు. ఏడాదికి రెండుసార్లు సీల్స్ తడిగుడ్డతో తుడిచి, రబ్బరు కోసం చేసిన సంరక్షణ ద్రవం పలుచగా రాస్తే కీచు శబ్దాలు పోతాయి. టాప్ మూత కింది నీటి దారుల్లో ఆకులు, దుమ్ము చేరకుండా చూసుకోండి. లోపలికి నీళ్లు వచ్చాయని వేలు పోసి సీల్స్ మార్పించే ముందు ఆ దారులు శుభ్రం చేయించి చూడడం మంచిది.

ఎనిమిదో అడుగు: ఊరికే ఉంచకండి

రెండు వారాలకోసారైనా పూర్తిగా వేడెక్కేలా ముప్పావు గంట నడపండి. గ్యారేజీలోనే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు కాదు, కీడు. ఎగ్జాస్ట్‌లో, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు, బ్యాటరీ తిరిగి నిండదు. ఆయిల్ చూసే పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. డ్రై సంప్ ఇంజన్లలో (ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా వేరే టాంకులో ఉండేవి) వేడి ఇంజన్ మీద చూడాల్సినదాన్ని చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ కనబడుతుంది, భయపడి పోస్తే ఎక్కువైపోతుంది. మాన్యువల్ చెప్పినట్టే చేయండి. కిలోమీటర్లు తిరగకపోయినా బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్పించండి.

నెలల తరబడి ఆపాల్సి వస్తే టాంకు నిండా పెట్రోల్, కొత్త ఆయిల్, కాస్త ఎక్కువ గాలి పోసిన టైర్లు, ఛార్జర్, గాలాడే కవరు. టాప్ మూసే ఉంచండి. గుడ్డైతే మడతలో పడుండి ముడుతలు పడుతుంది.

తొమ్మిదో అడుగు: పుట్టింటికి ప్రయాణం

వీలైతే ఒక్కసారైనా బండిని ఇటలీ రోడ్ల మీద నడపండి, బండి తీసుకెళ్లలేకపోతే అక్కడ అద్దెకు తీసుకోండి. మరనెల్లో, మోదెనాలలో ఫెరారీ మ్యూజియంలు, సాంతాగాతా బొలొన్యేజెలో లంబోర్గినిది ఒకే రోజులో తిరిగేంత దగ్గరగా ఉన్నాయి. బొలోన్యా, ఫ్లారెన్స్ మధ్య 903 మీటర్ల ఎత్తులోని ఫూతా కనుమ మీదుగా 1957 దాకా మిల్లె మిలియా పందెం సాగింది. మలుపులు మరీ బిగుతుగా లేవు, మూడో గేరుకు సరిగ్గా సరిపోతాయి. 2757 మీటర్ల స్టెల్వియో కనుమ పేరు గొప్పది. ఉత్తరం వైపు ఎక్కేదారిలో 48 మలుపులు, వేసవిలో సైకిళ్లు, బస్సులు, చాలావరకు మొదటి గేరే. ఫోటో కోసం వెళ్లండి, నడపడం కోసం ఫూతాకు వెళ్లండి. చలికాలంలో స్టెల్వియో మూసేస్తారు.

సామాను మెత్తటి సంచుల్లోనే సర్దండి, గట్టి సూట్‌కేసు ముందు డిక్కీలో దిగదు. హురాకాన్‌లో 100 లీటర్లే చోటు. 458లో 230 లీటర్లు, పైగా సీట్ల వెనక చిన్న అర ఉంది. ఇద్దరికి వారం రోజుల బట్టలు పడతాయి, బూట్లు మాత్రం ఒక్క జత.

పదో అడుగు: అమ్మేటప్పుడు

ప్రతి బిల్లు, రెండు తాళాలు, టూల్ కిట్, కారు కవరు, అసలు మాన్యువల్ సంచీ ఒకచోట పెట్టండి. ఇవి లేని బండికి ధర తగ్గుతుంది. ఎగ్జాస్ట్ మార్చి ఉంటే పాతదాన్ని పారేయకుండా దాచండి. ఇరవయ్యేళ్లు దాటిన ఫెరారీ అయితే అమ్మకానికి పెట్టే ముందే కంపెనీలో పాత బండ్లు చూసే క్లాసికే విభాగం నుంచి ధ్రువపత్రం తీసుకోండి. దానికి బండిలో అసలు భాగాలే ఉన్నాయని చూస్తారు కాబట్టి, ఆ పాత ఎగ్జాస్ట్ బిగించి తీసుకెళ్లండి.